‘ముత్యాల గర్భం’: మందు చవకే, చివరి పరీక్ష దాకా రావడమే కష్టం

కార్తీకం వచ్చేసరికి పల్నాటి నల్లరేగడి చేలలో పత్తి తీత మొదలవుతుంది. అది ముగిసీ ముగియకముందే, సంక్రాంతి వెళ్ళగానే మిరప కోతలు. పాత గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్ట ఊళ్ళలో ఆడకూలీలు నాలుగు డబ్బులు కళ్ళ చూసేది ఈ ఐదారు నెలలే. తెల్లవారుజామున ఆటో ఎక్కితే మళ్ళీ పొద్దు వాలాకే ఇల్లు. అలాంటి రోజుల్లో వారం వారం పట్నం వెళ్ళి రక్తపరీక్ష చేయించుకుని రమ్మంటే ఎవరు వెళతారు? ఒంట్లో నొప్పి లేదు. జ్వరం లేదు. అవుతున్న రక్తస్రావం ఆగిపోయింది. పోయిన కడుపు ఎటూ పోయింది. కూలి పోగొట్టుకుని బస్సు ఛార్జీలు పెట్టుకోవడం దేనికి?

ఒక అరుదైన క్యాన్సర్ ఈ ఆలోచనను ఆసరా చేసుకునే ముదురుతుంది. స్త్రీల గర్భాశయంలో పుట్టే క్యాన్సర్లలో మందులతోనే ఇంత పూర్తిగా నయమయ్యేది మరొకటి లేదు. వాడే మందు పాతది, చవకది. పైగా ఆ మందు తెలుగువాడు నడిపిన ప్రయోగశాలలో పుట్టింది. అయినా సగంలో వదిలేస్తే ప్రాణం తీస్తుంది. డాక్టర్లు దీన్ని ‘కోరియోకార్సినోమా’ అంటారు. దీనికి ఎక్కువగా దారితీసే జబ్బుకు మాత్రం చక్కని తెలుగు పేరే ఉంది. ముత్యాల గర్భం.

బిడ్డ లేని గర్భం

నెల తప్పుతుంది. వేవిళ్ళు మామూలు కన్నా ఎక్కువగా ఉంటాయి. మూడో నెలకే కడుపు ఐదో నెల కడుపులా కనిపిస్తుంది. చూసినవాళ్ళు కవల పిల్లలేమో అంటారు. ఒకరోజు రక్తం కనిపిస్తుంది. స్కానింగ్ తీస్తే లోపల బిడ్డ ఉండదు. గుండె చప్పుడు ఉండదు. ఉడికించిన సగ్గుబియ్యంలా, చిన్న ద్రాక్ష గుత్తుల్లా నీటి బుడగలు గర్భాశయం నిండా పరచుకుని ఉంటాయి. బిడ్డకు ఆహారం అందించవలసిన మాయ తానే అదుపు తప్పి పెరిగిపోవడం వల్ల ఇలా అవుతుంది. వెయ్యి గర్భాల్లో ఒకటో రెండో ఇలా మారతాయి. యూరప్ దేశాల కంటే ఆసియా దేశాల్లో ఇది ఎక్కువ. ఇరవై లోపు అమ్మాయిల్లోనూ, నలభై దాటాక గర్భం దాల్చినవారిలోనూ ఎక్కువగా కనిపిస్తుంది. చిన్న వయసు పెళ్ళిళ్ళు ఇంకా జరుగుతున్న ఊళ్ళలో ఈ మాట చెవిన వేసుకోవలసిందే.

ఇలాంటి గర్భం వచ్చిందనగానే ఇంట్లో వాళ్ళూ వీళ్ళూ కోడలి వంక చూడటం మామూలు. గాలి సోకిందంటారు. తినకూడనిది తిన్నదంటారు. చేలో పురుగుమందు వాసన పడిందంటారు. పురుగుమందు వల్ల ఒంటికి చెరుపు ఎంతైనా ఉండవచ్చు గాని, ముత్యాల గర్భానికి అదే కారణమని చెప్పడానికి ఆధారం లేదు. అసలు జరిగేది వేరు. పూర్తి ముత్యాల గర్భంలో తల్లి అండం తన క్రోమోజోములను పోగొట్టుకుని ఉంటుంది. ఆ ఖాళీ అండంలో తండ్రి వైపు క్రోమోజోములే రెట్టింపై నిండుతాయి. లోపల పెరిగే పదార్థంలో తల్లి పాలు దాదాపు ఏమీ ఉండదన్న మాట. కోడలిని ఆడిపోసుకునే అత్తగారు ఈ సంగతి వింటే ఏమంటుందో! నిజానికి ఇది తండ్రి తప్పూ కాదు. ఎవరి తప్పూ కాదు.

గర్భాశయాన్ని పీల్చే యంత్రంతో శుభ్రం చేస్తారు. ఊళ్ళో ‘కడిగించారు’ అంటారు. నూటికి ఎనభై మందికి పైగా జబ్బు అక్కడితో సరి. కాని పూర్తి ముత్యాల గర్భం వచ్చినవారిలో నూటికి 15 నుంచి 20 మందికి ఆ మాయ కణాలు కొన్ని గర్భాశయ గోడలో మిగిలిపోయి మళ్ళీ పెరగడం మొదలుపెడతాయి. బిడ్డ ఆనవాళ్ళు కొంత ఉండే పాక్షిక ముత్యాల గర్భంలో ఈ ప్రమాదం బాగా తక్కువ, నూటికి ఐదుగురి లోపే. మిగిలిన కణాలు రక్తంలో కలిసి ఊపిరితిత్తులకు, యోనికి, ముదిరితే కాలేయానికి, మెదడుకు ప్రాకుతాయి.

ముత్యాల గర్భం రానివారు దీని ఊసే పట్టించుకోనక్కరలేదా? ఆ మాట అనడానికి వీల్లేదు. మామూలు గర్భస్రావం తరువాత, పండంటి బిడ్డను కన్న తరువాత కూడా కోరియోకార్సినోమా రావచ్చు. మామూలు కాన్పు తరువాత రావడం చాలా అరుదు. సుమారు 50,000 కాన్పులకు ఒకటి అని పుస్తకాల్లో రాస్తారు. అరుదైనది కాబట్టే ఎవరికీ అనుమానం రాదు.

జాడ చెప్పే హార్మోను

అదృష్టవశాత్తు ఈ జబ్బు దాక్కోలేదు. మాయ కణం ఎక్కడున్నా హెచ్.సి.జి. అనే హార్మోనును రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. నెల తప్పినప్పుడు మూత్రపరీక్ష పట్టీ మీద రెండో గీత తెప్పించేది ఈ హార్మోనే. ఊళ్ళో ఆశా కార్యకర్త సంచీలో ఉండే ‘నిశ్చయ్’ పట్టీ కూడా దీన్నే వెతుకుతుంది. ఎక్స్‌రేకు అందనంత చిన్న గడ్డను సైతం రక్తంలోని ఈ హార్మోను పట్టిస్తుంది. మరే క్యాన్సర్‌కూ ఇంత నమ్మకమైన గూఢచారి లేదనే చెప్పాలి.

అందుకే కడిగించిన తరువాత వారానికి ఒకసారి రక్తంలో హెచ్.సి.జి. ఎంత ఉందో కొలిపించుకోవాలి. అంకె వారం వారం దిగిపోతుంటే సంతోషం. మామూలు స్థాయికి వచ్చి వరుసగా మూడు వారాలు అక్కడే ఉంటే, ఆ తరువాత నెలకొకసారి. పూర్తి ముత్యాల గర్భానికి ఇలా ఆరు నెలలు చూస్తారు. అంకె దిగడం మానేసి ఒకచోట నిలిచిపోయినా, తిరిగి పెరిగినా మందు మొదలుపెట్టాలి. పట్టీ పరీక్ష ఉందా లేదా అన్నదే చెబుతుంది. ఎంత ఉందో చెప్పదు. కాబట్టి ఈ లెక్కకు రక్తపరీక్షే కావాలి. అదీ వీలైనంత వరకు ఒకే ల్యాబులో చేయించడం మంచిది. ల్యాబు మారితే అంకెల పోలిక తప్పుతుంది.

ఈ నెలల్లో మళ్ళీ గర్భం రాకూడదు. గర్భం వస్తే హెచ్.సి.జి. ఎటూ పెరుగుతుంది. అది బిడ్డదో జబ్బుదో తేల్చడం ఎవరి తరమూ కాదు. ఇంట్లో అసలు పేచీ వచ్చేది ఇక్కడే. ఒక కడుపు పోయింది గనుక వెంటనే ఇంకొకటి నిలవాలని పెద్దవాళ్ళ తొందర. ఆరు నెలలు మాత్రలు వాడమని డాక్టరు చెబితే, ‘అసలే పిల్లలు లేరు, పైగా మాత్రలా?’ అంటారు. ఆరోగ్య ఉపకేంద్రంలో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మాత్రలు ఇందుకు పనికివస్తాయి. డాక్టరు ఈ మాట ఆమెకొక్కదానికే చెప్పి పంపితే సగం పనే అవుతుంది. భర్తను, అత్తగారిని కూడా కూర్చోబెట్టి చెప్పాలి.

మూడో వారానికే అంకె బాగా దిగుతుంది. స్త్రీకి ఒంట్లో బాగుంటుంది. నాలుగో వారం కోతకు పోతుంది, ఐదో వారమూ అంతే. కర్నూలు పడమటి ఊళ్ళ నుంచి కుటుంబాలతో వలస వచ్చి ఇక్కడ మిరప కోసేవారి సంగతి మరీ కష్టం. కోతలయ్యాక సామాను మూట కట్టుకుని తిరిగి పోతారు. కడిగించిన ఆసుపత్రి ఒక జిల్లాలో, కాపురం ఇంకో జిల్లాలో. ఆ చీటీ ఎవరు చూస్తారు?

భీమవరం నుంచి బయలుదేరిన మందు

ఈ జబ్బుకు వాడే ముఖ్యమైన మందు మెథోట్రెక్సేట్. దాని వెనుక కథ తెలుగువారు గుర్తు పెట్టుకోదగ్గది.

యల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. ఆయన యువకుడుగా ఉండగా స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఇద్దరు సోదరులను రోజుల తేడాలో మింగేసింది. మద్రాసులో వైద్యం చదివి అమెరికా వెళ్ళారు. హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో చేరారు. స్ప్రూను కుదిర్చే ఫోలిక్ ఆమ్లాన్ని 1945లో ఆయన బృందం కృత్రిమంగా తయారుచేసింది. ఇవాళ గర్భిణులు మింగే ఐరన్ మాత్రలో ఉండే ఫోలిక్ ఆమ్లం ఇదే.

వేగంగా పెరిగే కణాలకు ఫోలిక్ ఆమ్లం కావాలి. మరి ఫోలిక్ ఆమ్లంలాగే కనిపించి పని మాత్రం చేయని పదార్థాన్ని అందిస్తే కణం మోసపోయి మాడిపోదా? ఈ ఆలోచనతో ఆయన బృందం కొన్ని పదార్థాలను తయారుచేసింది. వాటిలో ఒకటైన అమినాప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్తక్యాన్సర్ పిల్లలకు తాత్కాలికంగానైనా ఉపశమనం కలిగించగలిగారు. ఆ ఫలితాలు 1948 జూన్‌లో అచ్చయ్యాయి. అదే ఏడాది ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. అమినాప్టెరిన్‌కు తోబుట్టువు లాంటిదే మెథోట్రెక్సేట్. భారత తపాలా శాఖ 1995లో ఆయన పేర స్టాంపు వేసింది. ఆయన మందు గర్భాశయ క్యాన్సర్‌ను కుదిర్చిన సంగతి మాత్రం ఆయన సొంత జిల్లాలోనూ చాలామందికి తెలియదు.

ఆ సంగతి 1956 నాటిది. అమెరికాలోని జాతీయ క్యాన్సర్ సంస్థలో మిన్ చియు లీ, రాయ్ హెర్ట్జ్ అనే డాక్టర్లు కోరియోకార్సినోమా ఊపిరితిత్తులకు ప్రాకి చావుకు దగ్గరైన స్త్రీలకు మెథోట్రెక్సేట్ ఇచ్చారు. ఎక్స్‌రేలో గడ్డలు కరిగిపోయాయి. ఒక గట్టి గడ్డ క్యాన్సర్ కేవలం మందుతో నయం కావడం ప్రపంచంలో అదే మొదలు.

ఇందులో మన ఊళ్ళకు పనికివచ్చే ముక్క ఒకటి ఉంది. గడ్డలు కనిపించకుండా పోయినా రోగి హార్మోను ఇంకా కొద్దిగా మిగిలి ఉండటం లీ గమనించారు. హార్మోను పూర్తిగా పోయేదాకా మందు ఆపనన్నారు. కంటికి కనిపించని జబ్బుకు విషం లాంటి మందు ఇవ్వడమేమిటని పైవారికి కోపం వచ్చింది. 1957లో ఆయన ఆ సంస్థ వదలవలసి వచ్చింది. కాలం గడిచాక లెక్క చూస్తే, హార్మోను మిగిలి ఉండగా మందు ఆపిన రోగులకు జబ్బు తిరగబెట్టింది. ఆయన పట్టుబట్టి మందు కొనసాగించినవారు బతికారు. 1972లో లీకీ హెర్ట్జ్‌కీ లాస్కర్ పురస్కారం వచ్చింది. కనపడనంత మాత్రాన జబ్బు పోయినట్టు కాదని ఆనాడు పెద్ద డాక్టర్లే నమ్మలేదు. ఇక కూలికి పోయే మనిషి నమ్మలేదని తప్పు పట్టడం న్యాయం కాదు.

ఇవాళ వైద్యం ఇలా

వ్యాధి తీవ్రతకు అంతర్జాతీయంగా ఒప్పుకున్న మార్కుల లెక్క ఉంది. వయసు, అంతకుముందు వచ్చిన గర్భం ఎలాంటిది, హెచ్.సి.జి. ఎంత, జబ్బు ఎక్కడెక్కడికి ప్రాకింది వంటివి కూడి మార్కులు వేస్తారు. 6 లోపు వస్తే తక్కువ ప్రమాదం. వారికి సాధారణంగా మెథోట్రెక్సేట్ ఒక్కటే చాలు. ఎక్కువగా పాటించే పద్ధతిలో రోజు విడిచి రోజు నాలుగు ఇంజెక్షన్లు, మధ్య రోజుల్లో దాని చెరుపు తగ్గించే ఫోలినిక్ ఆమ్లం. ఎనిమిది రోజుల ఈ విడతను రెండు వారాలకొకసారి తిరిగి మొదలుపెడతారు. హార్మోను మామూలు స్థాయికి వచ్చాక కూడా రెండు మూడు విడతలు అదనంగా ఇస్తారు. లీ పట్టుబట్టినది ఇదే. నోటిపూత, నీరసం ఉండవచ్చు. రక్తకణాలు, కాలేయం పరీక్షిస్తూ ఉండాలి. ఈ మందుతో జుట్టు ఊడిపోవడం సాధారణంగా ఉండదని చెబితే చాలామంది అమ్మాయిలకు సగం భయం తీరుతుంది. మందు వాడేటప్పుడు బలానికని ఫోలిక్ మాత్రలు సొంతంగా మింగకూడదు. అవి మందుకు అడ్డుపడతాయి.

మందు సరిపడకపోతే ఆక్టినోమైసిన్ ఉంది. మార్కులు 7 గాని అంతకు మించి గాని వచ్చినవారికి ఐదు మందులను కలిపి ఇస్తారు. అది క్యాన్సర్ నిపుణులున్న చోటే జరగవలసిన పని. తక్కువ ప్రమాదం ఉన్నవారిలో దాదాపు అందరూ, ఎక్కువ ప్రమాదం ఉన్నవారిలోనూ నూటికి తొంభై మంది వరకు బతుకుతారు. గర్భాశయం నిలుస్తుంది. వైద్యం ముగిసి ఏడాది ఆగాక పిల్లలను కనవచ్చు. మళ్ళీ ముత్యాల గర్భం వచ్చే అవకాశం నూటికి ఒకరికే.

ఈ ప్రాంతంలో దీనికి దారి లేకపోలేదు. 1946లో మొదలైన గుంటూరు వైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ప్రభుత్వ సర్వజన ఆసుపత్రికి పల్నాడు నుంచి, ఒంగోలు వైపు నుంచి రోగులు వస్తారు. ఆ ఆవరణలో నాట్కో ట్రస్టు కట్టించిన క్యాన్సర్ కేంద్రం 2020లో ప్రారంభమయింది. ఆ కంపెనీ స్థాపకుడు నన్నపనేని వెంకయ్య చౌదరిది ఈ జిల్లా గొల్లమూడిపాడే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై 2024 నుంచి ఎన్.టి.ఆర్. వైద్యసేవగా నడుస్తున్న పథకంలో ఈ జబ్బు మందుల వైద్యం ఉంది. మందు ఉంది, ఆసుపత్రి ఉంది, పథకం ఉంది. మాచర్ల నుంచి గుంటూరుకు నూరు కిలోమీటర్ల పైన దూరం కూడా ఉంది.

బ్రిటన్‌లో ఈ దూరం చిక్కును 1973లోనే ఆలోచించారు. ముత్యాల గర్భం వచ్చిన ప్రతి స్త్రీ పేరూ నమోదు చేస్తారు. లండన్, షెఫీల్డ్, డండీ నగరాల కేంద్రాలకు ఆమె నమూనా టపాలో వెళుతుంది. ఫలితం తిరిగి వస్తుంది. మనిషి తిరగనక్కరలేదు, సీసా తిరిగితే చాలు. గర్భిణుల పేర్లు రాసుకునే ఏ.ఎన్.ఎం.లు, ఆశాలు మనకూ ఊరూరా ఉన్నారు. అయితే ఆ పుస్తకం చూపు కాన్పు తేదీ మీద ఉంటుంది. బిడ్డ లేని గర్భం కడిగించుకుని వచ్చిన ఆమె పేరు ఇంకో ఆరు నెలలు అందులో ఉంచడానికి, పి.హెచ్.సి.లో రక్తం తీసి పంపడానికి కొత్త భవనాలేమీ అక్కరలేదు.

గర్భసంచి తీయించడం మందు కాదు

ఈ జిల్లాలలో ఇంకొక అలవాటు ఉంది. రక్తస్రావం అనగానే ‘పిల్లలు ఎటూ పుట్టారు, సంచి తీయించేస్తే పీడా పోతుంది’ అనడం. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ళ స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశం మొత్తంలో నూటికి మూడు పైచిలుకు. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి తొమ్మిదికి దగ్గర. దేశంలో మనమే మొదటి వరుస. ఇది గొప్ప చెప్పుకునే మొదటి స్థానం కాదు.

కోరియోకార్సినోమాలో సంచి తీసినంత మాత్రాన ఊపిరితిత్తులకు ప్రాకిన కణాలు పోవు. నలభై దాటి పిల్లలు వద్దనుకునేవారికి కొన్నిసార్లు ఆపరేషన్ చేస్తారు గాని, హెచ్.సి.జి. పరీక్షలు ఆ తరువాత కూడా తప్పవు. ఏ కారణంతో తీసినా ఆ సంచిని బయాప్సీకి పంపమని ఇంటివారు అడగాలి. ఆ కాగితం లేకపోతే జబ్బు ఏమిటో ఎన్నటికీ తేలదు.

అనుమానించవలసిన గుర్తులు మరీ ఎక్కువేమీ లేవు. కాన్పో గర్భస్రావమో అయి ఎనిమిది వారాలు దాటినా రక్తం ఆగకపోతే ముందు మూత్రపరీక్ష పట్టీ వేయించాలి. రెండో గీత వస్తే అది కొత్త గర్భమో కాదో స్కానింగ్‌తో తేల్చుకోవాలి. పిల్లల తల్లికి దగ్గు, కళ్ళెలో రక్తం, ఎక్స్‌రేలో నీడలు కనిపిస్తే మన దేశంలో మొదట క్షయ తలపుకు రావడం సహజం. క్షయ పరీక్షలు చేయవలసిందే. దానితోపాటు ‘ఈ ఏడాదిలో కడుపు పోయిందా, కాన్పయిందా?’ అని ఒక ప్రశ్న అడగడానికి ఖర్చేమీ లేదు. యోనిలో ముదురు ఊదా రంగు గడ్డ కనిపిస్తే పరీక్ష కోసం ముక్క తీయరాదు. రక్తం ధారగా పోయే ప్రమాదం ఉంది.

పన్నెండు, పదిహేనేళ్ళ ఆడపిల్లలకు అండాశయంలో వచ్చే కొన్ని గడ్డలదీ ఇలాంటి కథే. అవీ అరుదు, అవీ చాలావరకు మందుకు లొంగుతాయి. రెండో అండాశయాన్ని కాపాడవచ్చు. పెళ్ళి కావలసిన పిల్లకు కడుపులో గడ్డ అంటే నలుగురికీ తెలుస్తుందని దాచి, ఆలస్యం చేస్తేనే చిక్కు.

ముత్యాల గర్భం కడిగించుకున్నవారు ఆ రోజు ఇచ్చిన చీటీని, రక్తపరీక్షల కాగితాలను పారేయకుండా దాచుకోవాలి. క్యాన్సర్ మందు వాడి నయమైన స్త్రీకి తరువాత ఎన్నేళ్ళకు కాన్పయినా, ఆరు వారాలకు మరొకసారి హెచ్.సి.జి. పరీక్ష చేయించాలి. పాత కాగితాలు ఆ రోజు డాక్టరుకు చూపాలి.